చప్పట్లు కొట్టించిన మనిషి

మా ఆవిడ చావుకు ముప్పై ఎనిమిది మంది చప్పట్లు కొట్టారు. కొట్టించింది సుప్రజ. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

జరిగింది నరసరావుపేటలో. ప్రతి హైస్కూలు నుంచి ఒక టీచర్ని పంపితే ఐదు రోజుల్లో స్కూల్ కౌన్సిలర్‌గా తయారుచేసి పంపుతామన్నారు. మా రెంటచింతల హెడ్మాస్టరు నా పేరు రాశాడు. నేను లెక్కల టీచర్ని. పల్లెటూరి బడిలో చదువుకున్నవాణ్ణి. మా రోజుల్లో కౌన్సిలింగ్ అంటే బెత్తం. ఆ మాటే ఆయనతో అన్నాను.

"అందుకే నిన్ను పంపుతున్నా యల్లమందా" అన్నాడు.

మొదటిరోజు బస్సు పిడుగురాళ్ళ దగ్గర చెడిపోయి ఆగింది. నేను వెళ్ళేసరికి గంట ఆలస్యం. హాల్లో అందరూ ఇద్దరిద్దరుగా ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ట్రైనింగ్ ఇచ్చే ఫహీమ్ గారు నన్ను చూసి ఖాళీ కుర్చీ చూపించారు. దానికి ఎదురుగా పసుపు చీరలో ఒకామె కూర్చుని ఉంది. ముప్పై నాలుగు, ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిలో ఒక చీటీ.

చీటీ చూసింది. నన్ను చూసింది.

"నమస్తే సార్. మీ భార్య పోయారు కదా. ఆ తర్వాత ఇల్లు ఎలా ఉంది?"

హెడ్మాస్టరు నా సంగతంతా రాసి పంపాడనుకున్నాను. అక్కడ ఒక్కొక్కరికీ చీటీ తీసి ఒక్కో వేషం ఇచ్చారని, నా కుర్చీకి వచ్చిన చీటీలో "భార్య పోయిన తండ్రి" అని ఉందని నాకెవరూ చెప్పలేదు. ఆలస్యంగా వచ్చినవాడికి ఎవరు చెబుతారు?

లేచిపోవలసింది. లేవలేదు. నాలుగేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. డెత్ సర్టిఫికెట్ అడిగారు. మళ్ళీ చేసుకుంటావా అని అడిగారు. ఇల్లు ఎలా ఉంది అని అడగలేదు.

చెప్పాను. నాగలక్ష్మి నాలుగు రోజుల జ్వరంతో పోయిందని చెప్పాను. అంతకు ముందు వారం మాచర్లలో టైలర్‌కు రెండు జాకెట్లు కుట్టడానికి ఇచ్చిందని, అవి ఇంకా అక్కడే ఉన్నాయని, అతను మూడుసార్లు ఫోన్ చేశాడని చెప్పాను. నేను ఆ వీధి గుండా పోనని, ఎంత పనున్నా చుట్టూ తిరిగి పోతానని చెప్పాను. పది నిమిషాలు మాట్లాడి ఉంటాను. ఆమె ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

ఫహీమ్ గారు బెల్లు కొట్టారు. ఎవరి అనుభవం వాళ్ళు చెప్పమన్నారు. ఆమె అందరికంటే ముందు లేచింది.

"సార్, నాకు ఎదురుగా కూర్చున్న సారు పేరు కూడా నాకు తెలీదు. కానీ ఏం నటన సార్! జాకెట్ల సంగతి చెప్తుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. అందరూ ఒక్కసారి క్లాప్స్ కొట్టండి."

కొట్టారు.

టీ బల్ల దగ్గరికి నా వెనకే వచ్చింది.

"నా పేరు సుప్రజ సార్. గురజాల. సోషల్ చెప్తా. మీరు నాటకాలేస్తారా?"

"వెయ్యను."

"మరి అంత బాగా ఎట్లా నటించారు?"

"నటించలేదు."

ఆమె చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. నేను నా కప్పు కింద పెట్టి వెళ్ళిపోయాను.

మిగతా నాలుగు రోజులూ ఆమె క్షమాపణ అడగాలని చూసింది. నేను అడగనివ్వలేదు. నేను వెనక కూర్చుంటే వెనక్కి వచ్చేది. ముందుకు పోతే ముందుకు వచ్చేది.

"సార్, ఒక్క నిమిషం."

"ఫహీమ్ గారు పాఠం చెబుతున్నారు."

"ఆయన భోజనానికి పోయి పది నిమిషాలైంది సార్."

మూడోరోజు నా నోటు పుస్తకంలో ఒక కాగితం పెట్టింది. "తప్పయింది. తెలియక చేశాను. సుప్రజ." ఎర్రసిరాతో కింద 'చూశాను' అని రాసి తిరిగి ఇచ్చేశాను. హోంవర్క్ దిద్దే అలవాటు.

"మార్కులు వెయ్యలేదేంది సార్?" అంది.

నవ్వు రాబోయింది. రానివ్వలేదు.

ఫహీమ్ గారు ఐదు రోజులూ తిప్పి తిప్పి చెప్పింది మూడే ముక్కలు. సలహా ఇవ్వొద్దు. తీర్పు చెప్పొద్దు. విన్నదాన్ని మళ్ళీ వాళ్ళకే చెప్పి, సరిగా విన్నానా అని అడగండి. నాకు మూడూ రావు. ఆమెకు మూడూ వచ్చు. అది చూస్తే ఇంకా కోపం వచ్చేది.

చివరిరోజు పని అప్పజెప్పారు. పక్కపక్క మండలాల వాళ్ళు జంటగా కలిసి, బడి మానేసిన పిల్లల్లో ఒక్కరినైనా తిరిగి బడికి తేవాలి. ఎలా తెచ్చారో రిపోర్టు రాయాలి. రెంటచింతల, గురజాల పక్కపక్కనే ఉన్నాయి. ఎవరి తప్పూ కాదు.

"మీ స్కూల్లో ఎవరున్నారు సార్?" అంది సుప్రజ.

"వెన్నెల. టెన్త్. నెల్లాళ్ళుగా రావడం లేదు."

"ఎందుకని?"

"మిరప కోతలు."

అది సగం నిజం. మిగతా సగం చెప్పలేదు. పరీక్షలకు నలభై రోజులున్నాయి.

ఆదివారం గురజాల బస్సు దిగి మా ఇంటికే వచ్చింది. మా ఇంట్లో నేనూ మా అత్త మాణిక్యమ్మా ఉంటాం. ఆమె నా మేనమామ భార్య, నాగలక్ష్మి తల్లి. మామ ముందే పోయాడు. కూతురు పోయాక కూడా నా దగ్గరే ఉండిపోయింది. నన్ను చిన్నప్పటి నుంచి పెంచింది, ఒరేయ్ అనే పిలుస్తుంది.

"ఒరేయ్, ఎవర్రా ఈ అమ్మాయి?"

"ట్రైనింగ్."

"ట్రైనింగ్‌కి పేరుండదా?"

సుప్రజ నవ్వింది. "సుప్రజ అంటారు పెద్దమ్మా."

"రా తల్లీ, కూర్చో. వీడు కూర్చోమనడు. వీడితో ఉండటం కంటే రేడియోతో ఉండటం నయం. అదైనా మధ్యమధ్యలో గరగరమంటది."

"ట్రైనింగ్‌లో బాగానే మాట్లాడారు పెద్దమ్మా" అనేసింది సుప్రజ. అని, నా మొహం చూసి తల దించుకుంది. నేను బండి తాళాలు తీసుకుని బయటికి నడిచాను.

వెన్నెల తల్లి మహాలక్ష్మి ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో రెండెకరాలు కౌలుకు చేస్తుంది. మేము వెళ్ళేసరికి పన్నెండు మంది ఆడవాళ్ళు సాళ్ళ వెంట వంగి కాయ కోస్తున్నారు. వెన్నెల నన్ను చూసింది. లేచి నాలుగు సాళ్ళు అవతలికి పోయి మళ్ళీ వంగింది.

మహాలక్ష్మి చేతులు దులుపుకుంటూ వచ్చింది.

"ఏంది సారూ, ఇంత దూరం వచ్చారు?"

"వెన్నెలను బడికి పంపమని."

"మీరే అన్నారంట గదా, నీకు ఈ జన్మలో లెక్కలు రావు, పోయి మిరపకాయలు కోసుకో అని. సారంతటోడు చెప్పాడు. కోస్తా ఉంది."

ఆమె వెటకారంగా అనలేదు. నమ్మి అంది. సుప్రజ నా వైపు చూసింది. నేను మిరప చెట్ల వైపు చూశాను.

బండి మీద తిరుగుదారి పట్టాం. సుప్రజ వెనక నుంచి అడిగింది.

"అన్నారా సార్?"

"అన్నాను."

"కోపంలోనా?"

"కాదు. రోజూ అంటాను. అందర్నీ. ఆ పిల్ల ఒక్కతే పట్టించుకుంది."

"అంటే, నోటికొచ్చింది అన్నారు. అది ఆ పిల్లకు ఎక్కడ తగులుద్దో చూసుకోలేదు. సరిగా విన్నానా సార్?"

బ్రేకు వేశాను.

"అది ఫహీమ్ గారి పద్ధతి. నా మీద ప్రయోగించొద్దు."

"సరే, నా పద్ధతిలో చెప్తా. మీరూ నేనూ చేసింది ఒకటే తప్పు. నేను ఇప్పటికి ఆరుసార్లు సారీ చెప్పా. మీరు?"

బండి మళ్ళీ స్టార్టు చేశాను. స్టాండులో గురజాల బస్సు కదలబోతోంది. పరుగెత్తి ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. బస్సు మలుపు తిరిగాక చూసుకుంటే నా చెయ్యి సగం లేచి ఉంది. దించేశాను.

మళ్ళీ ఆదివారం తలకు తువ్వాలు చుట్టుకుని దిగింది.

"ఇవాళ మాటల్లేవు సార్. కోత."

"నాకు కోత వచ్చు. రైతు కొడుకుని."

"చూద్దాం పదండి."

వెన్నెల పక్క సాలులో నన్ను నిలబెట్టి సుప్రజ అవతల సాలులో వంగింది. ఎండ మామూలుగా లేదు. రెంటచింతల ఎండ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. నేను చేలో వంగి పాతికేళ్ళయింది. అరగంట గడిచింది. వెన్నెల నా కంటే పది చెట్లు ముందుకు పోయింది. నేను చెమట తుడుచుకున్నాను. కాయ కోసిన చేత్తోనే తుడుచుకున్నాను.

రెండు కళ్ళూ భగ్గుమన్నాయి. సంచీ వదిలేసి సాలులోనే కూలబడ్డాను.

ఆడవాళ్ళంతా నడుములు ఎత్తి చూశారు. అందరిలోకీ పెద్దది హజ్రా బీ. ఆమె గొంతు చేనంతా వినిపిస్తుంది.

"సారుకి ఈ జన్మలో కోత రాదులేమ్మా! పోయి లెక్కలు చెప్పుకోమనండి!"

చేనంతా నవ్వింది. ఆ నవ్వుల్లో వెన్నెల నవ్వు కూడా ఉంది. బడిలో ఆ పిల్ల నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు.

సుప్రజ నీళ్ళ సీసాతో పరుగెత్తుకొచ్చింది. నా గడ్డం పట్టి తల పైకెత్తి కళ్ళల్లో నీళ్ళు పోసింది. మంటకు నా కళ్ళలోంచి ధార కారిపోతోంది.

"ఇది నిజమా సార్, నటనా?" అంది.

అని నాలుక కరుచుకుంది. కళ్ళు సగం తెరిచి చూశాను. మొహం పాలిపోయి ఉంది.

నాకు నవ్వొచ్చింది. ఆపుదామంటే ఆగలేదు. నాలుగేళ్ళ తర్వాత వస్తే ఎట్లా ఆపాలో మరిచిపోయాను. ఆమె ముందు బిత్తరపోయింది. తర్వాత తనూ మొదలుపెట్టింది. ఇద్దరం మిరప సాలులో కూర్చుని పిచ్చివాళ్ళలా నవ్వాం.

వెన్నెల చెంబుతో మజ్జిగ తెచ్చి నా ముందు నిలబడింది.

"కళ్ళు నలపొద్దు సార్. ఇంకా మండుద్ది."

మజ్జిగ తీసుకున్నాను. తాగలేదు.

"వెన్నెలా, ఆ రోజు నేనన్న మాట తప్పు."

"మీరు అందర్నీ అంటారుగా సార్."

"అందర్నీ అనడం కూడా తప్పే."

ఆ పిల్ల కాసేపు కాలి బొటనవేలితో మట్టి గీకింది.

"మీరన్నందుకు నేను ఏడవలేదు సార్. మా అమ్మ నమ్మింది. అందుకు ఏడ్చా."

నేను ఏం చెయ్యాలో సుప్రజ చెప్పలేదు. ట్రైనింగ్ ఆమెకు బాగా ఒంటబట్టింది. నేనే లేచి, కళ్ళు మండుతూనే, మహాలక్ష్మి దగ్గరికి నడిచాను. పన్నెండు మంది చూస్తున్నారు.

"మహాలక్ష్మీ, నేనన్నది అబద్ధం. నీ కూతురికి లెక్కలు వస్తాయి. రాకపోతే తప్పు చెప్పేవాడిది."

ఆమె నన్ను పైనుంచి కిందకి చూసింది.

"ఈ ముక్క నెలకిందటే వచ్చి చెప్తే ఏం పోయింది సారూ?"

"బుద్ధి లేక."

"సరే. పొద్దున బడికి పంపుతా. మధ్యాన్నం నుంచి కోతకు రావాల. పోయిన పాఠాలు మీరే సాయంత్రం మా కళ్లం కాడికొచ్చి చెప్పాల."

"వస్తాను."

వెన్నెల సోమవారం బడికి వచ్చింది. వెనక వరసలో కూర్చుంది. నేను ఆ రోజు ఎవర్నీ ఏమీ అనలేదు. పిల్లలు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

మోడల్ పేపర్లు కొనడానికి మాచర్ల పోయాను. సుప్రజ కూడా వచ్చింది. ఆమె మాచర్లలో చదువుకుంది. ఆ ఊరి సందులన్నీ ఆమెకు తెలుసు. పుస్తకాల షాపు నుంచి బస్టాండుకు సూటిదారి ఉంది. ఆ దారిలోనే టైలర్ షాపు ఉంది. నేను బండిని ఎడమకు తిప్పి, రైలుగేటు వైపు నుంచి ఊరంతా చుట్టి పోనిచ్చాను. పావుగంట ఎక్కువ పట్టింది.

ఎందుకు ఇటు తిప్పారు అని ఆమె అడగలేదు. దారంతా వెన్నెలకు స్టాటిస్టిక్స్ వచ్చిందా, గ్రాఫులు ఎట్లా వేస్తోంది అని అడుగుతూ కూర్చుంది. చప్పట్లు కొట్టించిన మనిషి, నేను చెప్పిందంతా గుర్తు పెట్టుకుంది. ఆ ఎడమ మలుపు దగ్గరే నా సంగతి నాకు అర్థమైంది. ఇష్టం లేకపోయినా అర్థమైంది.

బస్టాండు బల్ల మీద కూర్చున్నాం.

"ఆ రోజు నేను నటన అని ఎందుకు అనుకున్నానో చెప్పనా సార్?"

"చెప్పు."

చెప్పండి అనకుండా చెప్పు అన్నానని ఇద్దరికీ తెలిసింది. ఇద్దరం తెలియనట్టు ఊరుకున్నాం.

"నాకు పెళ్ళయింది. మూడేళ్ళు కాపురం చేశా. ఆయన చెడ్డోడు కాదు. మాట్లాడడు, అంతే. వాళ్ళమ్మ పోయిన రోజు కూడా మాట్లాడలేదు. విడాకుల కాగితం ఇస్తే పెన్ను అడిగాడు. అదే ఆఖరి మాట. మగాడు తన బాధ అంత విడమరిచి చెప్పుకోగలడని నాకు తెలీదు సార్. నా ముందు ఎవరూ చెప్పుకోలేదు. అందుకని నటనే అనుకున్నా."

విన్నది తిరిగి చెప్పి, సరిగా విన్నానా అని అడగాలి. అది నాకు రాదు. లేచి పోయి రెండు టీలు తెచ్చాను. ఒకటి ఆమె చేతిలో పెట్టాను. పెట్టాక వెంటనే చెయ్యి తియ్యలేదు. ఆమె కూడా తొందర పెట్టలేదు. అంతే. అంతకు మించి ఏమీ జరగలేదు.

పరీక్షలు నాలుగు రోజుల్లోకి వచ్చాయి. ఆ సాయంత్రం కళ్లంలో వెన్నెలకు ఆఖరి పాఠం చెబుతున్నాను. సుప్రజ రిపోర్టులో ఆఖరి పేజీ రాసుకుంటోంది. చుట్టూ మహాలక్ష్మి కాయ ఎర్రగా పరుచుకుని ఉంది. అది తడిస్తే రంగు పోయి తాలు కాయ అవుతుంది. తాలు కాయ మొహం ఎవరూ చూడరు.

మాచర్ల వైపు ఆకాశం నల్లబడింది. రావలసిన వాన కాదు. హజ్రా బీ కేక పెట్టింది.

"పట్టాలు! ఒసేయ్, పట్టాలు తియ్యండే!"

పుస్తకాలు ఎక్కడివక్కడ పడేశాం. పారలతో, చేటలతో, చేతులతో కాయను కుప్ప చేశాం. కుప్ప మీద పట్టా లాగి కప్పేసరికి వాన దిగింది. గాలికి పట్టా లేస్తోంది. మూలల మీద పెట్టడానికి రాళ్ళు చాలలేదు.

"కూర్చోండి సార్! ఎగిరిపోద్ది!" అని సుప్రజ పట్టా అంచు మీద చతికిలబడింది. నేను పక్కన కూర్చున్నాను. వెన్నెల, వాళ్ళమ్మ అవతలి అంచున కూర్చున్నారు. వాన మొహాల మీద కొడుతోంది. ఎవరూ లేవడానికి లేదు.

"ఇప్పుడు మీరు పారిపోలేరు సార్. లేస్తే మహాలక్ష్మి కాయ తడుస్తది" అంది సుప్రజ.

"నేనెందుకు పారిపోతాను?"

"రేపు రిపోర్టు ఇచ్చేస్తా. మన పని అయిపోయింది. ఇక రెంటచింతల రావడానికి నాకు కారణం లేదు."

ఆమె నా వైపు చూడలేదు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ బస్సు దిగే మనిషి ఇక దిగదు. ఆదివారాలు మళ్ళీ పాత ఆదివారాలు అవుతాయి.

"మా అత్త నిన్ను అడుగుతూ ఉంటుంది" అన్నాను.

"అత్తా?"

"అత్తే."

"అత్త ఒక్కతేనా?"

వాన పెద్దదైంది.

"నేను కూడా."

"వినపడలేదు సార్."

వినపడింది. నాకు తెలుసు.

"నేను కూడా అడుగుతున్నాను. నువ్వు మా ఇంటికి వచ్చేయ్. ఉండటానికి. పెళ్ళి చేసుకుందాం."

అవతలి అంచు నుంచి వెన్నెల అరిచింది.

"మేడమ్, నాకే వినపడింది!"

మహాలక్ష్మి కూతురి నెత్తిన ఒక్కటి వేసింది. సుప్రజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ వానలో నాకు తెలియలేదు.

"అయితే నన్ను క్షమించారా?"

"లేదు."

"మరి?"

"క్షమించకుండానే చేసుకుంటా."

"సరే" అంది. "కానీ పెద్దమ్మ ఒప్పుకోవాల. ఆమె కాదంటే నేను రాను."

నాకున్న భయం కూడా అదే. పరీక్షలు ముగిసిపోయాయి. వెన్నెల లెక్కల పేపరు బాగా రాశానంది. పదిరోజులు గడిచాయి. నేను అత్తకు చెప్పలేదు. కూతుర్ని పోగొట్టుకున్న మనిషికి ఆ మాట ఏ పూట చెప్పాలి? పొద్దున చెప్పాలా, అన్నం తిన్నాక చెప్పాలా? తేల్చుకోలేకపోయాను.

ఆదివారం సుప్రజ వచ్చింది. అత్త ముగ్గురికీ వడ్డించింది. గరిటె చేతిలో పట్టుకునే అడిగింది.

"ఏమ్మాయ్, వీడు నిన్ను అడిగాడంట గదా. వానలో."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు పెద్దమ్మా?"

"హజ్రా బీ. ఊరంతా తెలుసు. నాకే ఆఖర్న తెలిసింది. నువ్వేమన్నావు?"

"మీరు సరే అంటేనే అన్నా."

అత్త గరిటె కింద పెట్టింది.

"నేనెవర్ని అనడానికి? నా కూతురి మొగుడు వీడు. కూతురే లేదు. రేపు నువ్వొస్తే నేను ఈ ఇంట్లో ఎవర్ని?"

జవాబు చెప్పవలసింది నేను.

"అత్తా, నన్ను పెంచింది నువ్వు. నాగలక్ష్మి లేకపోయినా నువ్వు నాకు అత్తవే. నువ్వు ఈ ఇల్లు దాటేట్టయితే ఈ పెళ్ళి వద్దు. నేను ఇంకోసారి అడగను."

నాలుగేళ్ళలో ఆమెతో నేను మాట్లాడిన పెద్ద మాట అదే. ఆమె గరిటె మళ్ళీ చేతికి తీసుకుంది.

"నేనెక్కడికి పోతాన్రా? వచ్చేది నాతో వేగాలగానీ." సుప్రజ వైపు తిరిగింది. "అమ్మాయ్, పప్పులో ఉప్పు ఎట్లా ఉంది?"

సుప్రజ నన్ను చూసింది. నేను కంచం చూసుకున్నాను.

"తక్కువైంది పెద్దమ్మా."

"ఈ ఇంట్లో ఆ ముక్క చెప్పేవాళ్ళు లేక నాలుగేళ్ళయింది" అని అత్త లోపలికి పోయి ఉప్పు డబ్బా తెచ్చి సుప్రజ ముందు పెట్టింది. "నువ్వే వెయ్యి. ఇక మీదట నువ్వే చూసుకో."

పెట్టి పెరట్లోకి పోయింది. పంపు తిప్పింది. బిందె నిండి చప్పుడు మారింది. నీళ్ళు పొర్లి పోతున్నాయి. ఆమె పంపు కట్టెయ్యలేదు. సుప్రజ లేవబోయింది. నేను వద్దన్నాను. తర్వాత నేనే లేచి వెళ్ళాను.

పంపు దగ్గర అత్త ఏమందో, నేనేమన్నానో ఇద్దరికే తెలుసు. పెళ్ళయ్యాక సుప్రజ ఒకసారి అడిగింది. చెప్పలేదు. ఈ కథలో ఏ ముక్కా ఇక నా నోట మళ్ళీ రాదు. ఎవరూ అడగొద్దు.